గ్రంథస్వామ్యవిచారము

తెలుఁగు ముద్రితగ్రంథముల ముఖపత్రమునకు వెనుకవైపునఁ దఱుచుగాఁ గానవచ్చు మాట ‘సర్వస్వామ్యసంకలితము’. అది యెవరి స్వామ్యమును జెప్పుచున్నది, ఎంతకాలము చెల్లును, ఏ పనులను వారించును అని విచారించువారు మాత్రము తక్కువ. ఈ విచారణము లేమిచే గుంటూరు, ప్రకాశము ప్రాంతముల గ్రంథాలయములలోనే కాక యాంధ్రదేశమంతటను రెండు పొరపాట్లు సాగుచున్నవి. పాతపుస్తకమన్న నది యెవరిదియుఁ గాదని తలఁచి యెవరి నడుగకయే యచ్చొత్తించువారు కొందఱు. ఆ సమాసమును జూచి నూఱేండ్లనాఁటి గ్రంథమునకైనను బ్రతి తీయనీయక బీరువాకుఁ దాళము వేయువారు మఱికొందఱు. మొదటి పొరపాటువలన రచయితల కుటుంబములు నష్టపడుచున్నవి. రెండవదానివలన గ్రంథములే నశించుచున్నవి. శాసనము నిజముగాఁ జెప్పున దేమో తెలిసినచో నీ రెండును దొలఁగును. గ్రంథాలయాధికారులకును, బ్రకాశకులకును, బాఠశాలాపండితులకును వలసినంత మేరకు దాని నిట వివరించుచున్నాను.

ముందు శబ్దమును జూతము. పాణిని స్వామిశబ్దమును ఐశ్వర్యార్థమున సాధించెను. స్వామియొక్క భావము స్వామ్యము. ఐశ్వర్య మనఁగా నిచ్చట ధనసమృద్ధి గాదు. ఈశ్వరత్వము, అనఁగా వస్తువును దన యిచ్చవచ్చినట్లు వినియోగించు నధికారము. ఆ వస్తు వేది యన్నచోటనే చిక్కంతయు నున్నది. ‘నా పుస్తకము’ అని కవి యనును, అచ్చువేసిన ప్రకాశకుఁ డనును, అంగడిలోఁ గొన్నవాఁ డనును; గ్రంథాలయాధికారియు ‘మా పుస్తకము’ అనును. షష్ఠికి నూఱర్థములని మహాభాష్యకారుఁడు చెప్పిన దిందులకే గాఁబోలు. కవికిని గ్రంథమునకును గలది జన్యజనకభావము. కొన్నవానికిని గాగితపుఁ బొత్తమునకును గలది స్వస్వామిభావము. ప్రకాశకునకుఁ గలది కవి యిచ్చిన యధికారము. ఇచ్చినంత మేరకే యది యుండును. శాసనము రక్షించునది మొదటి సంబంధమునుండి పుట్టిన హక్కును, అనఁగా రచనను మరల ముద్రించుట, అనువదించుట, ప్రదర్శించుట మున్నగువానిని. గ్రంథాలయము పుస్తకమును గొన్నప్పుడు కాగితమునకు స్వామి యైనది, రచనకుఁ గాలేదు. అటులే కవివారసులు రచనకు స్వాములైనను గ్రంథాలయపు బీరువాలోని ప్రతికి స్వాములు గారు. ఈ భేదమును మఱవకున్నచో మిగిలినది సులభము.

మన దేశమున నీ విషయమై మొదటి శాసనము 1847లోఁ గుంపిణీ ప్రభుత్వకాలమునఁ బుట్టినది. పిమ్మట 1911 నాఁటి యింగ్లండు శాసనమును గొలఁది మార్పులతో మన దేశమునకు వర్తింపఁజేయుచు 1914లో నొకటి వచ్చినది. స్వాతంత్ర్యానంతరము 1957లోఁ జేయఁబడి 1958 జనవరి 21 నుండి యమలులోనికి వచ్చిన శాసనమే పలు సవరణములతో నేఁటికిని నడచుచున్నది. అది మొదట రచయిత జీవితకాలమునకుఁ బిదప 50 ఏండ్లు స్వామ్యము నొసఁగెను. రవీంద్రనాథ ఠాకూరు 1941లో మరణించుటచే నతని రచనలపై విశ్వభారతికిఁ గల హక్కు 1991 డిసెంబరుతోఁ దీఱవలసియుండఁగా, ఆ నెల కడపట నొక యత్యవసరశాసనమును, 1992లో సవరణమును జేసి, 50 ఏండ్లను 60 గావించిరి. వంగకవి నిమిత్తముగా వచ్చిన యీ పొడిగింపు తెలుఁగుకవులకును సమానముగాఁ జెల్లినది.

గణనపద్ధతి యిది. రచయిత యే తేదిని మరణించినను, ఆ మఱుసటి సంవత్సరపు జనవరి 1 మొదలు 60 ఏండ్లు లెక్కింపవలయును. రచయిత బ్రదికియుండఁగా వెలువడిన గ్రంథమునకుఁ బ్రకటనసంవత్సరముతోఁ బనిలేదు. గుంటూరుసీమ రచయితలనే యుదాహరింతును. ‘సూతపురాణ’కర్త త్రిపురనేని రామస్వామి చౌదరి 1943లో మరణించిరి. పూర్వనియమముచే 1993తోఁ దీఱవలసిన హక్కు సవరణముచే 2003 తుదివఱకు నిలిచినది. ‘మాలపల్లి’ కర్త ఉన్నవ లక్ష్మీనారాయణ 1958లో మరణించిరి. ఆ నవల 1922లో వెలువడినదైనను 2018 తుదివఱకు స్వామ్యమునందే యుండి, 2019 నుండి సర్వజనసామాన్యమైనది. వినుకొండలోఁ బుట్టిన గుఱ్ఱం జాషువ 1971లోఁ గీర్తిశేషులైరి. వారి కావ్యములకు 2031 తుదివఱకు హక్కు గలదు. తెనాలివారైన కొడవటిగంటి కుటుంబరావు మరణము 1980. వారి రచనలకు 2040 వఱకును జెల్లును. తుమ్మల సీతారామమూర్తి మరణము 1990. వారి పద్యములకు 2050 వఱకును జెల్లును. ఒకే సీమలో, ఒకే తరమునకు దగ్గఱగా నున్నవారి గ్రంథములలో నొకటి నేఁడు స్వేచ్ఛగా ముద్రింపఁదగినది, ఒకటి యిరువదియేండ్లకుఁ బైఁగా వేచియుండఁదగినది. కాగితపు వన్నె చూచి ‘పాతది’ యని నిర్ణయించుట యెంత పొరపాటో దీనివలనఁ దెలియును.

జంటకవిత్వమునకు నియమము వేఱు. ఎవరి భాగ మెంతయో విడఁదీయరాని రచన యైనచోఁ గడపట మరణించినవారినుండి లెక్క. తిరుపతి వేంకటకవులలో దివాకర్ల తిరుపతిశాస్త్రి 1920లోఁ బోయిరి; చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి 1950 వఱకు నుండిరి. కావున వారి యుమ్మడి రచనలు 1970లోఁ గాక 2010 తుదిని మాత్రమే స్వామ్యవిముక్తము లైనవి. కర్త పేరు లేకయు, మాఱుపేరుతోను వెలువడినవానికిఁ బ్రకటననుండి 60 ఏండ్లు. నడుమఁ గర్త పేరు బయల్పడినచో మరల మరణమునుండియే లెక్క. రచయిత మరణానంతరము మొదటిసారిగాఁ బ్రకటితమైన గ్రంథమునకును బ్రకటననుండియే 60 ఏండ్లు. సంచికలలోని వ్యాసముల కీ నియమము లన్నియుఁ గలిసి వర్తించును. 1924 నుండి 1991 వఱకు నడచిన ‘భారతి’ వంటి పత్రికయొక్క యొక సంచికను దీసికొన్నచో, నం దొక వ్యాసము విముక్తము, దాని ప్రక్కపుటలోనిది బద్ధము గావచ్చును. వెలుపలి రచయిత హక్కును వ్రాఁతపూర్వకముగాఁ బత్రికకు విడిచియుండనిచో నది యతనిదే. సంచిక సంచికగాఁ బునర్ముద్రింపఁ గోరువారు ప్రతిరచయితను వేర్వేఱుగా విచారింపక తప్పదు.

ఇఁక మన పండితులకు ముఖ్యమైన ప్రశ్న ప్రాచీనగ్రంథములది. శ్రీనాథుని ‘పల్నాటి వీరచరిత్ర’ను 1911లో అక్కిరాజు ఉమాకాంతము పీఠికతోఁ బ్రకటించిరి. తంజావూరు తాళపత్రములనుండి నన్నెచోడుని ‘కుమారసంభవము’ను 1909లో మానవల్లి రామకృష్ణకవి వెలికిఁ దెచ్చిరి. ఇట్టి సంపుటములయందు హక్కు దేనికి? మూలమునకుఁ గాదు. తాళపత్రమును గనుఁగొనుట మహోపకారమే, కాని కనుఁగొన్నవాఁడు కర్త గాఁడు. పీఠిక, టీక, పదసూచి పరిష్కర్తవి. వానికి హక్కు వారి మరణమునుబట్టి లెక్కింపవలయును. ఇంతవఱకు వివాదము లేదు. వివాదము పాఠనిర్ణయమునందు. పది ప్రతులను సంవదించి, శిథిలస్థలములను బూరించి, పరిష్కర్త నిలిపిన పాఠము అతని స్వత్వమా?

ఇశ్రాయేలు దేశమున నీ ప్రశ్నయే వచ్చినది. మృతసముద్రతీరపు గుహలలో దొరకిన ప్రాచీన తోలుశకలములను గూర్చి, ఖాళీలను బూరించి యొక గ్రంథమును బునర్నిర్మించిన ఎలిషా కింరోను పండితునకు ఆ పునర్నిర్మితపాఠముపై స్వామ్యము గలదని యా దేశపు సర్వోన్నతన్యాయస్థానము 2000లోఁ దీర్పుచెప్పెను. మన సర్వోన్నతన్యాయస్థానము 2007లో ఈస్టర్ను బుక్ కంపెనీ వ్యవహారమున వేఱొక మార్గమును జూపినది. న్యాయస్థానముల తీర్పులను శుద్ధముగా నచ్చువేసి, తప్పులు దిద్ది, యుదాహృతములను సరిచూచినంతమాత్రమున స్వామ్యము పుట్టదు. కొంతయైనను బుద్ధికల్పన యుండవలయును. ఖండికలను విభజించి సంఖ్య వేయుట, న్యాయమూర్తులలో నెవ రేకీభవించిరో యెవరు విభేదించిరో నిర్ణయించి చూపుట మున్నగువానికి మాత్రము హక్కు గలదని తేల్చినది.

ఇందు నా యభిప్రాయ మిది. పరిష్కర్త నిలిపిన పాఠము నిజముగాఁ గవి వ్రాసినదే యైనచో నది కవిది, పరిష్కర్తది కాదు. పరిష్కర్త స్వయముగాఁ గల్పించినదైనచో హక్కు కలుగవచ్చును గాని, అప్పుడది కవిపాఠ మని చెప్పరాదు. పాఠముపై స్వామ్యము కోరు పరిష్కర్త తనకుఁ దెలియకయే తన పాఠమును శంకింపఁజేయుచున్నాఁడు. కావున మూలపాఠమును విడిచి, పీఠికాదులకును, తాను బూరించితినని గుఱుతుపెట్టిన భాగములకును మాత్రమే స్వామ్యము చెప్పుట పండితమర్యాద. అయితే శ్రమకుఁ గృతజ్ఞత వేఱు. ఒకరి పరిష్కరణమునుండి పాఠమును గైకొని వారి పేరు చెప్పకుండుట శాసనదృష్టిచే నేరము గాకపోయినను విద్వద్ధర్మమునకు విరుద్ధము.

గ్రంథాలయముల కిప్పు డేమి యధికారము గలదో చూతము. 1918లో స్థాపితమైన వేటపాలెపు సారస్వతనికేతనము మన సీమకుఁ బెన్నిధి. పుట్టినప్పుడది గుంటూరు మండలముననుండెను. 1970లో నేర్పడి పిమ్మటఁ బ్రకాశమను పేరొందిన మండలమునకు మాఱి, 2022లో బాపట్ల మండలమునఁ జేరినది. 1929లో గాంధీమహాత్ముఁ డచ్చట శంకుస్థాపనము చేసెను. అందలి పాతపత్రికలకొఱకుఁ బరిశోధకులు దూరదేశములనుండి వత్తురు. అట్టి గ్రంథాలయముల కాపదయుఁ గాగితమునందే యున్నది. ఇరువదవ శతాబ్దపు తొలి యర్ధమున నచ్చైన పత్రికలు, నవలలు చౌకకాగితముపై వచ్చినవి. రోహిణికార్తె యెండయు, సముద్రపు టుప్పుగాలియు, చెదలును వానిని బొడిచేయుచున్నవి. మనవారు మిరపకాయ రంగు చెడకుండ శీతలపు గిడ్డంగులు కట్టిరి, పుస్తకములకుఁ గట్టలేదు. ఇరువదియైదవయేఁట 1930లో నొక గ్రంథమును బ్రకటించిన రచయిత యెనుబదియేండ్లు జీవించి 1985లో మరణించినచో, హక్కు 2045 వఱకు, అనఁగా 115 ఏండ్లు నిలుచును. హక్కు నిలుచును, ఆ కాగితము నిలువదు. హక్కు తీఱినపిదపఁ బ్రతి తీయుద మని యూరకుండినచోఁ దీయుటకుఁ బ్రతియే యుండదు.

శాసన మీ యాపదను గుర్తించినది. దాని 52వ విభాగమున మూఁ డనుమతులు గలవు. మొదటిది: దేశమున విక్రయమునకు దొరకని పుస్తకమునకు, లాభాపేక్ష లేని పౌరగ్రంథాలయము తన యుపయోగమునకై మూఁడుకు మించని ప్రతులు తీసికొనవచ్చును. రెండవది: తనయొద్ద కాగితపుఁ బ్రతి యున్న రచనను, సంరక్షణమునకై యంత్రరూపమున, అనఁగా డిజిటల్ ప్రతిగా, దాఁచికొనవచ్చును, ఇది 2012 సవరణముతో వచ్చినది. మూఁడవది: గ్రంథాలయమునఁ గల యముద్రితరచనను బరిశోధనకుఁ గాని, ప్రకటించు నుద్దేశముతోఁ గాని ప్రతి తీయవచ్చును, కర్త యెవరో తెలిసినచో నతఁడు మరణించి 60 ఏండ్లు దాఁటియుండవలయును. వీనిలో దేనికిని వారసుల యనుమతి యక్కఱలేదు. కావున ‘స్వామ్య మున్నది, మేము ప్రతి తీయరాదు’ అను గ్రంథాలయాధికారి మాట, శిథిలమగుచున్న పుస్తకము విషయమున, నిజము గాదు. పాఠకుఁడు తన పరిశోధనకై మితముగా వ్రాసికొనుట, ప్రతి తీసికొనుటయు న్యాయ్యవినియోగముక్రిందికే వచ్చును.

అయితే దాఁచుట వేఱు, లోకమునకుఁ బంచుట వేఱు. ఈ శతాబ్దారంభమున భారతీయ డిజిటల్ గ్రంథాలయ మను పేర బెంగళూరు భారతీయ విజ్ఞానసంస్థ, హైదరాబాదు ట్రిపుల్ ఐటీ మున్నగు సంస్థలు చేరి వేలకొలఁది తెలుఁగుగ్రంథములను బ్రతులు తీసి యంతర్జాలమున నుంచినవి. తెలుఁగుపరిశోధన కింత యుపకారము చేసిన ప్రయత్నము లరుదు. కాని విముక్తములును బద్ధములును వేఱుపఱుపక కలిపి యుంచుటచే స్వామ్యపుఁ జిక్కులు వచ్చి యా ద్వారము మూఁతపడినది. అందలి ప్రతు లనేకము ఇంటర్నెట్ ఆర్కైవునందుఁ జేరి మిగిలినవి. మొదటనే మరణసంవత్సరమునుబట్టి రెండుగా విభజించియుండినచో, విముక్తభాగమునకైన నట్టి గతి పట్టకపోవును.

ప్రకాశకుల విషయమునకు వత్తము. మన నల్లరేగడి రైతునకుఁ గౌలునకును విక్రయమునకును గల భేదము చెప్పనక్కఱలేదు. పొలమును మూఁడేండ్లకుఁ గౌలిచ్చినవాఁడు పొలము నమ్మినవాఁడు గాఁడు. గ్రంథవిషయమున మాత్రము రచయితలు కౌలని తలఁచి విక్రయపత్రముపై సంతకము చేయుదురు. ప్రకాశకులు కౌలుపత్రమును జేతఁ బట్టుకొని విక్రయ మందురు. శాసనముచే హక్కుమార్పిడి వ్రాఁతమూలమునను, సంతకముతోను జరుగనిది చెల్లదు. 1994 సవరణమునకుఁ దరువాతి పత్రములయందుఁ గాలపరిమితి చెప్పనిచో నైదేండ్లనియు, దేశపరిమితి చెప్పనిచో భారతదేశమాత్ర మనియు నర్థము. పుచ్చుకొన్న ప్రకాశకుఁ డొక యేఁడాదిలోపల నా హక్కును వినియోగింపనిచో, పత్రమున వేఱుగఁ జెప్పకున్నంతవఱకు, నది రచయితకే మరలును. ప్రకాశకుఁడు ‘సర్వస్వామ్యసంకలితము’ అని వేసికొన్నంతమాత్రమున హక్కు పుట్టదు, వేసికొననిచోఁ బోదు. ఆ సమాసము సూచకమే కాని కారకము గాదు.

అనువాదమునకు వేఱు చరిత్ర గలదు. 1914 శాసనమున బ్రిటిషిండియాలో మొదటఁ బ్రకటితమైన గ్రంథముయొక్క యనువాదహక్కు పదేండ్లే. ఆ లోపల హక్కుదారుఁ డే భాషలోనికిఁ దెచ్చిన నా భాషకు మాత్రము నిలుచును. తెనాలి చక్రపాణి శరత్తు నవలలను దెనిఁగించినది వంగసాహిత్యము వెల్లువగాఁ దెలుఁగునకు వచ్చిన యా కాలముననే. 1957 శాసన మనువాదమునకును బూర్ణకాలము హక్కు నిచ్చినది. అయినను గ్రంథము వెలువడి యేడేండ్లు గడచినను దెలుఁగున ననువాదము రానిచో, నియతప్రతిఫలము చెల్లించి యనుమతి వేఁడు మార్గమును నిలిపినది. ఈ మార్గమును దెలుఁగుప్రకాశకులు వాడుకొనుట యరుదు.

పాఠశాలాపండితులకు రెండు మాటలు. బోధననిమిత్తము గురువు కాని శిష్యుఁడు కాని రచనను బ్రతి తీయుట దోషము గాదు. ఆక్సుఫర్డు, కేంబ్రిడ్జి మున్నగు ప్రకాశకులు ఢిల్లీ విశ్వవిద్యాలయముపై 2012లోఁ దెచ్చిన వ్యాజ్యమున ఢిల్లీ ఉన్నతన్యాయస్థానము 2016లో నీ విషయమును విద్యార్థుల పక్షమునఁ దీర్చినది. విద్యార్థులకై పద్యసంకలనమును బ్రకటించుట కొంత కట్టుబాటునకు లోఁబడినది. సంకలనమున నధికభాగము విముక్తరచనలై యుండవలయును. బద్ధరచనలనుండి చిన్న భాగములే గ్రహింపవలయును. ఒక రచయితవి యొకే ప్రకాశకుఁ డైదేండ్లలో రెండు భాగములకు మించి వేయరాదు. కావున నన్నయ తిక్కనల నడుమ జాషువ పద్యఖండము నొకదానిని జేర్చుట సరి. జాషువ పద్యములతోనే సంపుటము గూర్చుట కనుమతి వలయును.

మిగిలినది యన్నిటికంటెఁ గఠినము: హక్కు తీఱలేదు, రచయిత లేఁడు, వారసు లెచ్చట నున్నారో తెలియదు, ప్రకాశకుని యంగడి మూఁతపడినది. ఇట్టి యనాథగ్రంథములు మన బీరువాలలోఁ గోకొల్లలు. వీనికై శాసనపు 31ఎ విభాగము దినపత్రికలోఁ బ్రకటన చేసి, యనుమతి కోరి, నిర్ణయించిన ప్రతిఫలమును జెల్లించి ముద్రించు విధానమును జెప్పుచున్నది. మొదట నిది కాపీరైటుమండలి పని; 2021 నుండి న్యాయస్థానముల పని. మున్నూఱు ప్రతులు వేయు చిన్నప్రకాశకుఁ డొక్కఁ డీ భారము మోయఁజాలఁడు. తమిళుల మార్గము మనకు మేలుబంతి. సుబ్రహ్మణ్య భారతి రచనలపై హక్కును మద్రాసు ప్రభుత్వము 1949లోఁ గొని తరువాతఁ బ్రజలకు విడిచినది. అప్పుడు గుంటూరును ఆ రాష్ట్రముననే యుండెను. తరువాతఁ దమిళనాఁట ననేకరచయితల వారసులకుఁ బరిహార మిచ్చి రచనలను జాతీయము గావించిరి. వారసునకు ధనము, పాఠకునకు గ్రంథము, రెండును దక్కిన పద్ధతి యిది. తెలుఁగురాష్ట్రములు రెండును దీనిని జేపట్టఁదగును.

ప్రభుత్వము చేయువఱకు మనము చేయఁదగినవి కొన్ని గలవు. ప్రతి గ్రంథాలయమును దన పట్టికలో రచయిత పేరునకుఁ బ్రక్కన మరణసంవత్సరమునకొక గడి చేర్చుకొనవలయును. ఆ గడి నిండినచో స్వామ్యప్రశ్నలలో సగము దీఱును. రచయిత స్వగ్రామమునఁ బనిచేయు పాఠశాలాపండితునకంటె నా వివరము సేకరింపఁదగినవారు లేరు. వారసులు కనఁబడినచోఁ బునర్ముద్రణమున కొక సమ్మతిపత్రము నప్పుడే వ్రాయించుకొనుట మేలు. తరము మాఱినకొలఁది సంతకములు పెరుఁగును. జీవించియున్న రచయితలు తమ హక్కును విడువఁ గోరినచో, ప్రకటనమూలమునఁ దామే విడువవచ్చును. 21వ విభాగ మందులకు దారి యిచ్చినది. హక్కు తీఱినను గర్త పేరును మాఱ్చుట, రచనను వికృతముచేయుట మాత్రము కూడదు.

మా సీమ గ్రంథాలయములలో ముందుగాఁ బ్రతి తీయవలసినవి 1920 మొదలు 1960 వఱకు వెలువడి, మరల నచ్చుగాని పుస్తకములు. వానిలోఁ బెక్కింటికి హక్కు మిగిలియే యున్నది. వానిని సంరక్షించుకొను నధికారమును గ్రంథాలయములకు మిగిలియే యున్నది. ఈ రెండును బరస్పరవిరుద్ధములు గావని తెలిసి, వచ్చు వేసవికి ముందే గ్రంథాలయాధికారులు పని కారంభింతురుగాక యని నా విన్నపము.